ఒక్క పేరే పట్టే గడి

వసీలా టీచరమ్మ ఇరవై మూడేళ్లుగా సముద్రతీరాన ఉన్న మహ్దియా ఊళ్లో పిల్లలకు అరబ్బీ పాఠాలు చెబుతోంది. ఈ ఇరవై మూడేళ్లలో ఏ తరగతిలో అడుగుపెట్టినా ఆవిడ మొదట అనే మాట ఒకటే. "ప్రశ్న మొత్తం చదవండి. చదివాకే కలం పట్టండి." పక్కవాడి కాగితంలోంచి ఒక్క వాక్యం ఎత్తి రాసినా సున్నా పెట్టేది. పిల్లలు ఏడ్చినా, తల్లులొచ్చి బతిమాలినా ఆ సున్నా చెరిగేది కాదు. అంతటి మనిషి, ముప్ఫై నాలుగు పేజీల ఒప్పందాన్ని వేలితో సర్రున కిందికి తోసేసి, అడుగునున్న గడిలో టిక్కు పెట్టింది. ఒక్క పేజీ చదవలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు. కానీ చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ టిక్కు మూలంగా ఒక ముసలావిడ నోరు మూతపడింది.

ఆ ముసలావిడ వసీలాకు పెద్దమ్మ. పేరు మన్నూబియా. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. అక్షరం ముక్క రాదు. ఏటా ఆగస్టులో వీధి ఆడవాళ్లంతా ఆవిడ వాకిట్లోనే చేరి సంవత్సరానికి సరిపడా గోధుమరవ్వతో కుస్‌కుస్ గింజలు చేసుకుంటారు. రవ్వ మీద ఉప్పునీళ్లు చిలకరించడం, అరచేతులతో నలిపి గింజ కట్టించడం, జల్లెడ పట్టడం, మిద్దె మీద తెల్ల దుప్పట్లలో ఆరబోయడం. నాలుగు రోజుల చాకిరీ. ఆ నాలుగు రోజులూ మన్నూబియా చేతులతో పాటు నోరూ ఆడుతూనే ఉండేది. ఒక పళ్లెం రవ్వకు ఒక కథ.

ఆ వాకిట్లో కథకు ఒక మర్యాద ఉంది. కథ ఎత్తే ముందు అది ఎవరి నోట విన్నదో చెప్పాలి. "ఇది నేను మంత్రసాని హల్లూమా నోట విన్నా. హల్లూమా, ఉప్పుమళ్లలో పనిచేసే తుర్కియా నోట విన్నది. తుర్కియా, దక్షిణాది నుంచి ఒంటె మీద వచ్చిన ఒకామె నోట విన్నది. ఆమె పేరు మేం అడగలేదు, దేవుడు ఆమెను చల్లగా చూడాలి." ఇంతా అయ్యాకే కథ మొదలయ్యేది. పిల్లలు తొందరపడితే మన్నూబియా కసిరేది. "ఆగండి మరి, అన్నం పెట్టినవాళ్ల పేరు చెప్పకుండా తింటారా?"

ఆ ఒంటె మీద వచ్చినామె కథే జల్లెడ కథ. సవతితల్లి ఒక పిల్ల చేతికి జల్లెడ ఇచ్చి, దీన్నిండా సముద్రం పట్టి తెస్తేనే ఇంట్లోకి రానిస్తానంటుంది. ఆ పిల్ల తీరాన కూర్చుని రోజూ కాసిని నీళ్లు జల్లెడలో పోస్తుంది, నీళ్లు కారిపోతాయి, ఎండ కాస్తుంది. వేసవంతా అదే పని. చివరికి జల్లెడ నిండా ఉప్పు మిగులుతుంది. "ఇదుగో సముద్రం. కారిపోయింది నీళ్లు మాత్రమే," అంటుంది ఆ పిల్ల. ఆ మాట దగ్గర మన్నూబియా చేతులు ఆపి అందరి ముఖాలూ చూసేది.

వసీలాకు ఆ కథ ఆరేళ్లప్పటి నుంచీ తెలుసు. రెండేళ్ల కిందట ఆగస్టులో ఫోన్ ఒళ్లో పెట్టుకుని జల్లెడ కథతో పాటు ఇంకో పదకొండు కథలు మాటకు మాట ఎక్కించుకుంది. అంతకుముందు ఆవిడ కవితలు రాసేది. రాజధానిలోని ప్రచురణకర్తలు మర్యాదగా తిప్పి పంపేవాళ్లు, ఒకరిద్దరైతే అదీ చెయ్యలేదు. బడిలో ఒక తోటి టీచరు ఒక కథల యాప్ చూపించింది. ఎవరైనా రాయొచ్చు, లక్షలమంది చదువుతారు, అచ్చు బాధ లేదు.

ఆ యాప్ ఒక ప్రశ్న అడిగింది. ఈ రచనకు మీరొక్కరే పూర్తి హక్కుదారా? అవును, కాదు. వసీలా మొదట "కాదు" నొక్కింది. ఈ సంగతి మనం ఆవిడ తరఫున చెప్పాలి, ఎందుకంటే ఆవిడ తరఫున చెప్పడానికి అదొక్కటే ఉంది. నొక్కగానే యాప్ ఆగిపోయింది. మిగతా హక్కుదారుల అనుమతి పత్రాలు జతచేయమంది. హల్లూమా పోయి నలభై ఏళ్లయింది. ఒంటె మీద వచ్చినామెకైతే పేరే లేదు. వసీలా వెనక్కి వెళ్లి "అవును" నొక్కింది. రచయిత పేరు రాసే గడిలో ఒక్క పేరే పట్టింది. కథ మొదటి ఐదు పంక్తుల్లోనే మొదలవ్వాలని ఏదో సలహా కనబడితే, కథల నెత్తిన ఉన్న ఆ ఆడవాళ్ల పేర్లన్నీ కోసేసింది.

అరె, పెద్దమ్మ ఇల్లు మూడు వీధుల అవతలే కదా! నాలుగడుగులు వేసి ఒక్క మాట అడిగితే పోయేదేముంది?

అడగలేదు. పుస్తకం పేరు "జల్లెడలో సముద్రం" అని పెట్టింది. అది దావానలంలా పాకింది. ఏడాది తిరక్కుండానే ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చదివారు. కొన్నాళ్లకు ఎవరో పిల్లాడి తల్లి వచ్చి, "మీ కథలు వింటూ గిన్నెలు కడుక్కుంటున్నా టీచర్," అంది. వసీలాకు అర్థం కాలేదు. చూస్తే, యాప్‌వాళ్లు ఒక మరగొంతుతో చదివించి ఆడియో పెట్టేశారు. ఆ మరగొంతు ఉప్పు మాట దగ్గర ఆగకుండా గబగబా దాటిపోయింది. తనను ఎవరూ అడగలేదేమిటని వసీలా ఒక్క క్షణం అనుకుంది. తర్వాత, పోనీలే, వినేవాళ్లు పెరిగారు కదా అనుకుంది.

ఊరి గ్రంథాలయంలో సన్మానం చేశారు. వేదిక మీద ఎవరో అడిగారు, ఈ కథలు మీకెలా తోచాయని. "మా ఊరి ఉప్పుగాలి నాతో రాయించింది," అంది వసీలా. ఉప్పుగాలి రాయించిందట! ముందు వరసలో తెల్లటి ముసుగు కప్పుకుని కూర్చున్న మన్నూబియా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆవిడకు తెలిసిందల్లా, చెల్లెలి కూతురు మన కథల్ని పుస్తకంలో ఎక్కించిందని. "మన" అనే మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదని చదువురాని మనిషికి ఎలా తెలుస్తుంది?

ఇలా రెండేళ్లు గడిచాక, ఈ జూలై చివర్లో ఒక ఆదివారం పొద్దున వసీలా ఇంటి తలుపు దబదబా మోగింది. వచ్చింది ఎమ్నా, మన్నూబియా మనవరాలు. నర్సింగ్ చదువుతోంది. కిందటేడు అమ్మమ్మ కథ చెబుతుంటే తీసిన వీడియోను నెల రోజుల కిందటే నెట్‌లో అందరూ చూసేలా పెట్టింది.

"పిన్నీ, ఇది చూడు. నాకు పిచ్చెక్కుతోంది," అంటూ ఫోన్ చేతిలో పెట్టింది.

వీడియో ఉండాల్సిన చోట బూడిదరంగు పలక. దాని మీద నాలుగు ముక్కలు. ఈ కథ హక్కులు రచయిత్రి వసీలా మెజ్దూబ్‌వి. ఆమె తరఫున ఫిర్యాదు అందినందున తొలగించాం.

"నేను ఏ ఫిర్యాదూ చెయ్యలేదే," అంది వసీలా. అది నిజమే.

"నువ్వెందుకు చేస్తావు! మిషన్ పొరపాటయ్యుంటుంది. కానీ చూడు, నీ యాప్‌వాళ్లు ఊరి మహిళా సంఘానికి కూడా ఉత్తరం పంపారు. శుక్రవారం శుక్రవారం అమ్మమ్మతో కథ చెప్పిద్దామనుకున్నారు పాపం. ఇంకొక్క కథ పెడితే కోర్టుకు ఈడుస్తారట. ఎవర్ని? ఎనభై ఏళ్ల మనిషిని! ఆమె కథ ఆమె చెప్పినందుకు!"

వసీలా ఫోన్ తిప్పి ఇచ్చేసింది. అది చేతిలో ఉంటే కాలుతున్నట్టుంది.

"ఇంకా విను. పక్కింటావిడ బయ్యా చేపల అంగడిలో నిలబడి ఏమంటోందో తెలుసా? ముసలమ్మ చెల్లెలి కూతురి పుస్తకం బట్టీ కొట్టి తనదని చెప్పుకుంటోందట. దాని నోరు పడిపోను."

"బయ్యా మాటలకేం లే."

"బయ్యా సంగతి కాదు పిన్నీ." ఎమ్నా గొంతు తగ్గింది. "మొన్న అమ్మమ్మ నన్ను పక్కన కూచోబెట్టుకుని అడిగింది. 'ఆ జల్లెడ కథ నాకెవరు చెప్పారే? హల్లూమా అనుకుంటున్నా. కాదేమో. వసీలా చదివి వినిపిస్తే విని, నాదే అనుకున్నానేమో. ముసలి బుర్ర కదా' అంది. అప్పట్నించి కథ ఎత్తడంలేదు. ఒక్కతే కూచుని పేర్లు వరసపెట్టి చెప్పుకుంటుంది, మధ్యలో తడబడుతుంది, మళ్లీ మొదట్నించి మొదలెడుతుంది. నాకు భయమేస్తోంది. నువ్వొక్క మాట రాయి వాళ్లకి."

వసీలాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఎదురుగా ఉన్నది ఇరవై ఏళ్ల పిల్ల, నమ్మి వచ్చిన పిల్ల. కానీ ఆవిడ నోట వచ్చిన మాట వేరు.

"మిషన్ పొరపాటే అయ్యుంటుంది. ఈ రోజే రాస్తాలే."

రాసింది. ఆ వీడియోలో ఉన్నది మా పెద్దమ్మ, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు, నా పేరున పెట్టిన ఫిర్యాదును వెంటనే వెనక్కి తీసుకోండి అని యాప్‌వాళ్లకు. మూడు రోజులకు జవాబొచ్చింది, చాలా మర్యాదగా. మీరు ఒప్పుకున్న షరతుల ప్రకారం ఈ కథల హక్కులు ఇప్పుడు మావి. వాటిని కాపాడటం మా బాధ్యత. ఈ విషయంలో మీ అభిప్రాయం మాకు అవసరం లేదు.

అప్పుడు, రెండేళ్లు ఆలస్యంగా, వసీలా ఆ ముప్ఫై నాలుగు పేజీలూ అచ్చు తీయించి భోజనాల బల్ల మీద పరిచింది. ఎర్రకలం పట్టుకుని కూర్చుంది. ఆరో పేజీలో ఉంది, ఈ కథల్ని ఇంకెవరూ ఏ రూపంలోనూ వాడకూడదని. రాతలో, గొంతులో, బొమ్మలో, ఇకముందు ఎవరైనా కనిపెట్టబోయే రూపంలో కూడా. పదకొండో పేజీలో, రచయిత ఖాతా మూసేసుకున్నా హక్కులు తిరిగి రావని. ఇంకో చోట, రచయిత పేరు మీద ఆమెకు చెప్పకుండానే ఫిర్యాదులు చెయ్యొచ్చని. షరతులు ఎప్పుడైనా మార్చుకుంటామని, మార్చాక మీరు వెళ్లిపోకపోతే ఒప్పుకున్నట్టేనని. తగువొస్తే ఆవిడ ఎన్నడూ పేరు వినని ఏదో ద్వీపంలో తేల్చుకోవాలని. ముప్ఫై ఒకటో పేజీలో అసలుది ఉంది. హక్కుదారు తానొక్కతేనని రచయిత ప్రమాణం చేసింది, అది అబద్ధమైతే వచ్చే నష్టమంతా ఆమెదే. ఆవిడ జీవితంలో ఏ జవాబుపత్రాన్నీ ఇంత శ్రద్ధగా దిద్దలేదు. అన్నీ అచ్చులోనే ఉన్నాయి. ఎవరూ ఏదీ దాచలేదు.

ఆ కాగితాల కట్ట తీసుకుని వకీలు షాద్లీ దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నవాడు. గది గుమ్మంలో ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి టీచర్. మీరు నిలబడితే నాకు చెమటలు పడతాయి."

కట్టంతా తిరగేశాడు. ఎర్రగీతలు చూసి కనుబొమ్మలెగరేశాడు. "ఒక్కటి అడగనా? ఇది టిక్కు పెట్టకముందు చదివారా?"

"లేదు."

"ప్రశ్న మొత్తం చదివాకే కలం పట్టాలని నాకెవరో చెప్పినట్టు గుర్తు," అని నవ్వాడు.

"నవ్వు నాయనా, నవ్వు. నీ వంతొచ్చింది."

అతను ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆగాడు. "మీరొక్కరే హక్కుదారు అన్నారు. నిజమేనా?"

ఒక విధంగా నిజమే, రాసింది నేనే కదా అని చెప్పాలని దారిపొడవునా మనసులో అనుకుంటూ వచ్చింది వసీలా. తీరా అడిగేసరికి వేరే మాట వచ్చింది.

"కాదు," అంది. రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తర్వాత పెద్దమ్మ, వాకిలి, ఫోన్, కోసేసిన పేర్లు, అన్నీ చెప్పింది.

షాద్లీ నవ్వడం మానేశాడు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు. "సముద్రం మీద వ్యాసంలో నాకు సున్నా పెట్టారు. గుర్తుందా?"

"మూడు వాక్యాలు ఎత్తావు."

"అవును. మూడే."

ఆ 'మూడే' వసీలాకు తగిలింది. బల్ల కిందికి దూరిపోవాలనిపించింది ఆవిడకు.

"వాళ్ల పట్టంతా మీ 'అవును' మీద నిలబడింది టీచర్," అన్నాడు షాద్లీ. "ఆ అవును అబద్ధమని మీరే రాసివ్వాలి. ఈ కథలు పెద్దావిడ నోటి నుంచి తీసుకున్నవి, ఆవిడ ఎవరెవరి దగ్గర విన్నదో వాళ్ల పేర్లు, ఆవిడ వేలిముద్ర, సాక్షుల సంతకాలు. అప్పుడు ఆవిడ జోలికి రాలేరు. మీ జోలికి రావచ్చు. పుస్తకం పోతుంది. పేరు పోతుంది. బడిలో సంజాయిషీ అడుగుతారు. ఇవన్నీ ఆలోచించుకోండి."

"పెద్దమ్మకు చెప్పకుండా కుదరదా?"

"ఆవిడ వేలిముద్ర కావాలంటున్నానుగా. చెప్పకుండా వేయించుకుంటారా ఏంటి?"

వసీలా కాగితాల కట్ట సర్దుకుంది. ఆవిడ మనసులో ఉన్నది సరిగ్గా అదే. కాగితం రాయడానికి సిద్ధపడింది. ఎక్కడో ఉన్న యాప్‌వాళ్లు చదివితే చదవనీ. పెద్దమ్మ ముఖం ముందు మాత్రం ఆ మాటలు పలకలేదు. చదువురాని మనిషి, ఏదో ఆఫీసు కాగితం అంటే నమ్ముతుంది, వేలు పెడుతుంది. ఛీ అనిపించింది ఆవిడకే. ఛీ అనుకుంటూనే కాగితం రాసింది, ఇంకు డబ్బా సంచిలో వేసుకుంది.

ఆగస్టు రెండో గురువారం, కుస్‌కుస్ మొదటి రోజు. వసీలా వెళ్లేసరికి వాకిట్లో పెద్ద చెక్కపళ్లెం చుట్టూ మన్నూబియా, ఆవిడ కూతురు నఫీసా, మనవరాలు ఎమ్నా, పక్కింటి బయ్యా కూర్చుని ఉన్నారు. రవ్వ నలుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ వాకిట్లో అంత నిశ్శబ్దం వసీలా ఎప్పుడూ వినలేదు.

"అమ్మా, ఒక్క కథ చెప్పవే," అంది నఫీసా. "నోరాడకపోతే నీకు చెయ్యి కూడా ఆడటంలేదు. ఈ గింజలు చూడు, శనగల్లా ఉన్నాయి."

"పగటిపూట కథలు చెబితే పిల్లల తలలు బోడి అవుతాయి," అంది మన్నూబియా, పళ్లెం మీంచి కళ్లెత్తకుండా.

"ఇన్నేళ్లూ పగలే కదా చెప్పావు!"

"అందుకే మీ అన్న నెత్తి చూడు."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. మన్నూబియా నవ్వలేదు. బయ్యా వసీలాకు పక్కన చోటిస్తూ, "రామ్మా రచయిత్రీ, నువ్వే చెప్పు మరి, కథలు నీవే కదా," అంది. ఎమ్నా బయ్యా వైపు కొరకొరా చూసింది.

వసీలా కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. "పెద్దమ్మా, చిన్న పని. దీని మీద వేలు పెడితే నీ వీడియో మళ్లీ వస్తుంది. సంఘంవాళ్లు నిన్ను పిలుస్తారు."

"ఏముంది అందులో?"

"ఏం లేదు. ఆఫీసు గొడవ. కథ నీదేనని."

"చదువు."

"పొడవుగా ఉంది పెద్దమ్మా. అంతా పుస్తకాల భాష. నీకు విసుగు."

మన్నూబియా చేతులు దులుపుకుంది. "నాకు అక్షరం రాదు. రాదు కాబట్టే వినకుండా వేలు పెట్టను. మీ పెదనాన్న పోయాక ఈ ఇంటి కాగితం వచ్చినప్పుడు ముగ్గురి చేత విడివిడిగా చదివించుకున్నా. ముగ్గురూ ఒకేలా చదివితే అప్పుడు పెట్టా. మేజిస్ట్రేటు విసుక్కున్నాడు. విసుక్కోనీ. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియదా? చదువు."

వసీలా కాగితం మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే ఈ ముసలావిడ రేపట్నించి హల్లూమా పేరు కూడా మరిచిపోతుంది, దొంగనని అనుకుంటూనే పోతుంది. వసీలా కాగితం విప్పింది.

తరగతిలో వెనక బెంచీదాకా ఖంగుమనే గొంతు ఆ రోజు పళ్లెం దాటలేదు. "నేను, వసీలా మెజ్దూబ్, ఉపాధ్యాయిని, ఒప్పుకుంటున్నదేమంటే... 'జల్లెడలో సముద్రం' పుస్తకంలోని పన్నెండు కథలూ నా రచనలు కావు. అవి మా పెద్దమ్మ మన్నూబియా నోట విని రాసుకున్నవి. ఆమె వాటిని మంత్రసాని హల్లూమా నోట, హల్లూమా తుర్కియా నోట విన్నారు. మీరొక్కరే హక్కుదారా అని యాప్ అడిగినప్పుడు మొదట కాదన్నాను, తర్వాత తెలిసి తెలిసీ అవునన్నాను. ఆ అబద్ధం వల్లనే..."

"పిన్నీ!" ఎమ్నా రవ్వ చేతులతోనే నోరు మూసుకుంది. "మిషన్ పొరపాటన్నావు. నా ముఖం చూస్తూ అన్నావు."

"అయ్యో దేవుడా," అంది బయ్యా. "ఊరంతా తిరిగి చెప్పొచ్చానే నేను! ఇప్పుడు ఎన్ని ఇళ్లు తిరగాలి?"

"ఉండండి," అంది మన్నూబియా. "పూర్తి కానివ్వండి."

వసీలా చివరిదాకా చదివింది. కన్నీళ్లు కాగితం మీద పడకుండా పక్కకు జరిపి పట్టుకుంది.

"మొదట కాదని నొక్కావా?" అడిగింది మన్నూబియా.

"నొక్కా."

"మరెందుకు మార్చావు?"

"అందరి అనుమతీ తెమ్మంది."

"నన్నడిగితే ఇవ్వనన్నానా?"

"అడగలేదు పెద్దమ్మా."

"అదే. ఎందుకడగలేదు?"

ఇక్కడ చెప్పడానికి వసీలా దగ్గర రెండేళ్లుగా పోగేసిన కారణాలు బోలెడున్నాయి. తొందర, ఎండ, యాప్ తీరు. ఒక్కటీ నోటికి రాలేదు. "అడిగితే నీ పేరు కూడా పెట్టాల్సొచ్చేది," అంది.

నఫీసా తల తిప్పుకుంది. మన్నూబియా భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి, పెద్ద బరువు దించినట్టు.

"అయితే హల్లూమాయే చెప్పింది," అంది. "నా బుర్ర బాగానే ఉంది. మూడు వారాలు, వసీలా. మూడు వారాలు హల్లూమా ముఖం కళ్లముందుకు తెచ్చుకుని, కాదు ఈవిడ కాదు, నువ్వు దొంగవి అని నన్ను నేనే తిట్టుకున్నా. ఆవిడ చేతుల్లోనే పుట్టానమ్మా నేను. ఆవిడనే కాదనుకున్నా."

"నన్ను కొట్టు పెద్దమ్మా," అంది వసీలా.

"కొడితే నీకు తేలిక. కలం తియ్యి. పేర్లు సరిగ్గా రాయలేదు నువ్వు. ఒంటె మీద వచ్చినామె ఏది?"

"ఆమెకు పేరు లేదు కదా."

"మాకు తెలియదంతే. పేరు తెలియకపోతే మనిషి లేనట్టా? రాయి. ఒంటె మీద వచ్చినామె, పేరు మేం అడగలేదు. అడగకపోవడం మా తప్పు. అదీ రాయి."

వసీలా రాసింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లా వచ్చాయి. మన్నూబియా కాగితం ఎమ్నాకిచ్చి చదివించుకుంది, తర్వాత నఫీసాకిచ్చి చదివించుకుంది, తర్వాత బయ్యాకు కూడా ఇచ్చింది. ముగ్గురూ అదే చదివారు. ముగ్గురి గొంతుల్లోనూ తన పేరు, తన అబద్ధం మళ్లీ మళ్లీ వింటూ వసీలా అక్కడే కూర్చుంది. అప్పుడు మన్నూబియా ఇంకులో బొటనవేలు ముంచి గట్టిగా అదిమింది. నఫీసా, బయ్యా సంతకాలు చేశారు. ఎమ్నా వసీలా వైపు చూడకుండా సంతకం చేసి కలం నేల మీద పెట్టింది.

మన్నూబియా వేలు కడుక్కుని వచ్చి తన చోట కూర్చుంది. రవ్వ మీద ఉప్పునీళ్లు చిలకరించింది. "ఇది నేను..." అని ఎత్తుకోబోయి ఆగింది. ఎమ్నా ముఖం అప్పటికే వెలిగిపోయింది. మన్నూబియా పళ్లెం అవతల కూర్చున్న వసీలా వైపు చూసింది.

"నీ ఫోన్ ఏది?"

"సంచిలో ఉంది పెద్దమ్మా."

"సంచి ఎమ్నాకియ్యి."

ఇచ్చింది.

"ఇప్పుడు రెండు చేతులూ రవ్వలో పెట్టు. నేను చెబుతున్నంతసేపూ అవి నాకు కనబడుతుండాలి."

ఎవరూ నవ్వలేదు. వసీలా గాజులు వెనక్కి తోసుకుని, రెండు చేతులూ మణికట్టుదాకా తడిరవ్వలో పెట్టింది. మన్నూబియా ఆ చేతుల్నే చూస్తూ, ఇది నేను మంత్రసాని హల్లూమా నోట విన్నా, అని మొదలుపెట్టింది.